స్టార్టర్ పట్టడం లేదా? పుల్ల పెట్టకండి.. కారణం వెతకండి

త్రీఫేజు కరెంటు వచ్చింది. బోరు దగ్గరికి వెళ్లి పెట్టె తలుపు తీసి పచ్చ బటన్ నొక్కారు. రోజూ టక్కుమని పట్టే స్టార్టర్ ఇవాళ ఉలకదు, పలకదు. మళ్లీ నొక్కారు. అదే తీరు. కరెంటు ఉండే గంటలు చూస్తుండగానే కరిగిపోతున్నాయి. పైరు వాడుముఖం పట్టింది. వైండింగ్ షాపుకు ఫోన్ చేస్తే సాయంత్రం వస్తామంటారు. సరిగ్గా ఈ తొందరలోనే చాలామంది చేయకూడని పని చేస్తారు. ఒక కర్రపుల్లనో, మడతపెట్టిన సైకిల్ ట్యూబు ముక్కనో స్టార్టర్ లోపల దూర్చి మోటారు నడిపించేస్తారు. ఆ పూటకు నీళ్లు వస్తాయి. మరో పూట మోటారు కాలుతుంది. ఒక్కోసారి మోటారుతో పోదు, మనిషి ప్రాణం మీదికి వస్తుంది.

స్టార్టర్ పట్టకపోతే అది చెడిపోయిందనే అందరూ అనుకుంటారు. చాలాసార్లు అది చెడిపోయి ఉండదు. కరెంటులో తేడా ఉండో, మోటారులో ఇబ్బంది ఉండో తన పని తాను చేస్తూ మోటారును ఆపి ఉంటుంది. అది ఎందుకు ఆపిందో ఒక వరుసలో చూసుకుంటూ పోతే సగం సందర్భాల్లో పెట్టె విప్పాల్సిన పని కూడా ఉండదు. ఆ వరుస ఏమిటో ఈ వారం చూద్దాం. ఇక్కడ చెప్పేది ముఖ్యంగా 3, 5, 7.5 హెచ్‌పీ మోటార్లకు వాడే మామూలు డీవోఎల్ స్టార్టర్ గురించి. స్టార్-డెల్టా స్టార్టర్ వాడేవారికి కూడా మొదటి సగం అలాగే వర్తిస్తుంది.

పచ్చ బటన్ నొక్కితే లోపల జరిగేది

స్టార్టర్‌లో ఒక కాయిల్ ఉంటుంది. దీన్నే నో వోల్ట్ కాయిల్ అంటారు. కరెంటు అందగానే ఇది అయస్కాంతంగా మారి ఇనుప ముక్కను లాక్కుంటుంది. దాంతోపాటు మూడు ఫేజుల పాయింట్లు కలిసి మోటారుకు కరెంటు వెళుతుంది. కరెంటు పోతే కాయిల్ వదిలేస్తుంది, మోటారు ఆగిపోతుంది. మళ్లీ కరెంటు వచ్చినా తనంతట తాను పట్టదు. మీరు వచ్చి నొక్కాల్సిందే.

ఈ కాయిల్‌కు కరెంటు నేరుగా రాదు. ఒక ఫేజు నుంచి బయలుదేరి, ఓవర్‌లోడ్ రిలే గుండా, ఎర్ర బటన్ గుండా, ప్రివెంటర్ ఉంటే దాని గుండా, చివరికి పచ్చ బటన్ గుండా కాయిల్‌కు చేరి, అక్కడి నుంచి ఇంకో ఫేజుకు పోతుంది. కాలువకు నాలుగు చోట్ల తలుపులు ఉన్నాయనుకోండి. ఏ ఒక్క తలుపు మూసినా చివరి మడికి నీళ్లు రావు కదా, ఇదీ అంతే. ఎక్కడ మూసుకుందో కనిపెట్టడమే మన పని.

ఇక్కడ ఒక సంగతి బాగా గుర్తుంచుకోవాలి. కాయిల్ పట్టడానికి రెండు ఫేజులు చాలు. మోటారు తిరగడానికి మాత్రం మూడూ కావాలి. కాయిల్‌కు సంబంధం లేని మూడో ఫేజు పోయిందనుకోండి, స్టార్టర్ టక్కున పడుతుంది, మోటారు మాత్రం తిరగకుండా 'గుయ్య్' మంటూ వేడెక్కుతుంది. అంటే స్టార్టర్ పట్టకపోవడం కంటే పట్టి మోటారు తిరగకపోవడమే ఎక్కువ ప్రమాదం. అలాంటి శబ్దం వినబడితే ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయకుండా ఎర్ర బటన్ నొక్కేయాలి.

ముందు కరెంటు సంగతి తేల్చుకోవాలి

పెట్టె జోలికి పోకముందే మూడు ఫేజులూ వస్తున్నాయో లేదో చూసుకోవాలి. బోరు దగ్గర బల్బు వెలుగుతోంది కాబట్టి కరెంటు ఉందనుకుంటే పొరపాటు. బల్బుకు ఒక ఫేజు చాలు. కొన్ని లైన్లలో త్రీఫేజు గంటలు అయిపోయాక కూడా ఇళ్ల దీపాల కోసం సింగిల్ ఫేజు ఉంటుంది.

ప్యానెల్ బోర్డు ఉన్నవారికి ఈ పని సులువు. తలుపు మీద వోల్టు మీటరు, దాని పక్కన తిప్పే స్విచ్ ఉంటాయి. స్విచ్ మూడు వైపులా తిప్పి మూడు అంకెలు చూడండి. ఫేజుకు ఫేజుకు మధ్య 415 వోల్టులు ఉండాలి. కొంచెం అటూ ఇటూ ఉన్నా ఫరవాలేదు గానీ మూడు అంకెలూ ఇంచుమించు ఒకటిగా ఉండాలి. మీటరు లేనిచోట ఎరుపు, పసుపు, నీలం దీపాలు ఉంటాయి. మూడూ ఒకే కాంతితో వెలగాలి. ఒకటి ఆరిపోయినా, మసకగా ఉన్నా స్టార్టర్‌ను తప్పుపట్టకండి, లోపం లైనులో ఉంది. అయితే దీపమే మాడిపోయి ఉండొచ్చు కూడా. అందుకే దీపాల కంటే మీటరు నమ్మదగ్గది.

చాలామంది జేబులో ఉండే స్క్రూడ్రైవర్ టెస్టర్‌నే నమ్ముతారు. అది కరెంటు ఉందా లేదా అన్నదే చెబుతుంది తప్ప ఎంత ఉందో చెప్పదు. ఎండలో దాని వెలుగు కనబడదు కూడా. అన్నిటికంటే పెద్ద చిక్కు ఒకటుంది. 11 కేవీ లైనులో ఒక తీగ తెగినా, ట్రాన్స్‌ఫార్మర్ పైన ఒక హెచ్‌జీ ఫీజు పోయినా కింద మనకు వచ్చే మూడు ఫేజుల్లో ఒకటి మామూలుగా ఉంటుంది. మిగతా రెండింటిలో దాదాపు సగం వోల్టేజీ వస్తుంది. టెస్టర్ పెడితే మూడింట్లోనూ వెలుగుతుంది. 'కరెంటు బాగానే ఉంది, స్టార్టరే పోయింది' అనుకుంటారు. కానీ ఆ బలహీనమైన రెండు ఫేజుల మధ్య మీటరు పెట్టి చూస్తే ఇంచుమించు సున్నా చూపిస్తుంది. మీ కాయిల్ ఆ రెండింటికీ తగిలించి ఉంటే ఎంత నొక్కినా పట్టదు.

అదే ట్రాన్స్‌ఫార్మర్ కింద పక్క పొలంలో కాయిల్‌కు బాగున్న ఫేజు ఒకటి తగిలి ఉంటే వాళ్ల స్టార్టర్ పడుతుంది. ఆ టక్కుమనే చప్పుడు విని 'వాళ్లది ఆన్ అయింది, నాదే పాడైంది' అని మీరు పెట్టె విప్పడం మొదలుపెడతారు. నిజానికి మీ మోటారు బతికిపోయింది. కాలేది వాళ్లది. పరుగున వెళ్లి ఆపించండి.

లోవోల్టేజీ బాధ వేరు. 415 ఉండాల్సింది 350కి పడిపోతే మామూలు కాయిల్ పట్టుకోవడానికి తంటాలు పడుతుంది. పట్టీ పట్టనట్టు టకటకమని కొట్టుకుంటుంది, లేదా గరగరమంటుంది. అలా కొట్టుకుంటుంటే పాయింట్లు మాడిపోతాయి, కాయిల్ కాలుతుంది. వదిలేసి కొంచెంసేపు ఆగడమే మేలు. లైను చివర ఉన్న బోర్లకు, ఎక్కువ మోటార్లు ఉన్న ట్రాన్స్‌ఫార్మర్లకు ఈ బాధ తప్పదు. తక్కువ వోల్టేజీకి కూడా పట్టే కాయిళ్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. అది పెట్టించుకుని పట్టిందని సంబరపడొద్దు. వోల్టేజీ తగ్గితే అదే పనికి మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది, వైండింగ్ వేడెక్కుతుంది. కాయిల్‌ను మభ్యపెట్టగలరు గానీ మోటారును కాదు.

కరెంటు వచ్చిన మొదటి అయిదు నిమిషాల్లోనే స్టార్టర్ పట్టక, తర్వాత పడుతోందంటే కారణం ఆటో స్టార్టర్లు. కరెంటు రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి. మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కంటే అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. వోల్టేజీ కుప్పకూలుతుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలుపెట్టేటప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని అక్కడి ప్రభుత్వం రైతులను ఊరూరా కోరింది. నీటి వృథా ఒక కారణమైతే, లైన్ల మీద పడే ఈ బరువు మరో కారణం. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద రైతులు కూర్చుని మాట్లాడుకుని ఒకరి తర్వాత ఒకరు, అయిదేసి నిమిషాల తేడాతో మోటార్లు వేసుకుంటే రూపాయి ఖర్చు లేదు. మాట్లాడుకోవడమే కొన్ని ఊళ్లలో కష్టం. ప్రతి మోటారుకూ కెపాసిటర్ ఉంటే కూడా లైను మీద బరువు కొంత తగ్గుతుంది. 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్ కెపాసిటర్ సరిపోతుంది.

పెట్టె తెరిచే ముందు

మూడు ఫేజులూ సరిగా ఉన్నాయి, అయినా పట్టడం లేదంటే అప్పుడు పెట్టె వంక చూడాలి. మెయిన్ స్విచ్ దించకుండా స్టార్టర్ మూత తీయకూడదు. దించాక కిట్‌క్యాట్ ఫీజులు మూడూ పీకి మీ దగ్గరే పెట్టుకోండి. అవి మీ చేతిలో ఉంటే మీరు లోపల చెయ్యి పెట్టినప్పుడు ఇంకెవరూ తెలియక మెయిన్ ఎత్తినా ముప్పు రాదు. మెయిన్ దించినా దానికి పైనుంచి వచ్చే తీగల్లో, ఆ తీగలు బిగించిన చోట కరెంటు ఉంటూనే ఉంటుందని మరవొద్దు. కెపాసిటర్ ఉంటే కరెంటు పోయిన తర్వాత కూడా కొంతసేపు కొడుతుంది. అయిదు నిమిషాలు ఆగండి. ఆగినా దాని కొసలు చేత్తో తాకొద్దు.

తడి కాళ్లతో, మడిలో నుంచి వచ్చిన చేతులతో పెట్టె ముట్టుకోవద్దు. పొడి చెక్క మీద చెప్పులతో నిలబడండి. వాన పడుతుంటే ఆ పని ఆపేయండి. పక్కన ఇంకో మనిషి ఉండాలి, మెయిన్ ఎక్కడుందో ఆ మనిషికి తెలిసి ఉండాలి. పొరపాటున ఎవరికైనా కరెంటు పట్టుకుంటే చేత్తో లాగకూడదు. మెయిన్ దించాలి. మెయిన్ అందకపోతే ఎండు కర్రతో తీగనో మనిషినో దూరం జరపాలి.

ఇనుప పెట్టెను తాకగానే చిన్నగా జిల్లుమంటే 'ఎప్పుడూ ఉండేదేలే' అని వదిలేసేవాళ్లున్నారు. ఎర్తు పోయిందని, ఎక్కడో తీగ పెట్టెకు తగులుతోందని దాని అర్థం. నేల ఎండినప్పుడు జిల్లుమన్న పెట్టే వానాకాలంలో మనిషిని పట్టుకుంటుంది. ఎర్తు గుంతలో బొగ్గు, ఉప్పు వేసి పైపు పాతించుకోవాలి. ఎండాకాలంలో దానికి వారానికోసారి నీళ్లు పోయాలి. పెట్టె నుంచి ఎర్తు పైపుకు వెళ్లే తీగ తుప్పు పట్టి తెగిందేమో చూడాలి.

తలుపు తీయగానే చెయ్యి పెట్టకండి. వెచ్చదనానికి పాములు, తేళ్లు దూరతాయి. కందిరీగలు గూడు పెడతాయి. బల్లులు, చీమల సంగతి చెప్పనక్కర్లేదు. అయస్కాంతం ముక్కల మధ్య బల్లి నలిగి చచ్చిపోయి స్టార్టర్ పట్టకపోవడం ఎంత మామూలో ఏ వైండింగ్ షాపులో అడిగినా చెబుతారు. తీగలు వచ్చే బెజ్జాల చుట్టూ ఉన్న ఖాళీలు మూసేస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

ఫీజులు, రిలే

మూడు ఫీజులూ ఒక్కొక్కటీ చూడండి. తీగ కంటికి బాగున్నట్టే కనబడినా మరల దగ్గర వదులై నల్లగా మాడి ఉంటుంది. ఫీజు పోతే మోటారుకు తగిన ఫీజు వైరే వేయాలి. వైరు ముక్క చెక్కి రాగి పోగులు మెలేసి కట్టేస్తే ఆ ఫీజు ఇంక ఎప్పటికీ పోదు. దాని బదులు మోటారు పోతుంది.

ఫీజులు బాగుంటే రిలే. మోటారు ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఆంపియర్లు లాగితే రిలేలోని పట్టీలు వేడికి వంగి కాయిల్‌కు కరెంటు ఆపేస్తాయి. పచ్చ బటన్ ఎంత నొక్కినా పట్టదు. అయిదు నిమిషాలు చల్లారనిచ్చి రిలే మీద ఉండే రీసెట్ మీట నొక్కాలి. చాలా స్టార్టర్లలో ఎర్ర బటన్‌ను గట్టిగా నొక్కితే అదే రీసెట్ అవుతుంది. తర్వాత పచ్చ బటన్ నొక్కి చూడండి. పట్టి, మోటారు మామూలుగా నడిస్తే సరే. కొద్దిసేపటికే మళ్లీ కొట్టేస్తే మాత్రం రిలేను తిట్టొద్దు. వోల్టేజీ తగ్గిందా, పంపులో ఇసుక పట్టిందా, బేరింగ్ పట్టేసిందా, బోరులో కేబుల్ జాయింటు నీళ్లు తాగిందా అని చూడాలి. మోటారు వైండింగ్ నుంచి భూమికి కరెంటు కారుతోందో లేదో మెకానిక్ మెగ్గర్ పెట్టి చెబుతాడు. ఒక మెగా ఓమ్ కంటే తక్కువ చూపిస్తే మోటారు పైకి తీయక తప్పదు.

రిలే మాటిమాటికీ కొడుతోందని దాని ముల్లును పై అంకెకు తిప్పేసేవాళ్లు ఎక్కువ. ముల్లు ఎక్కడ ఉండాలో మోటారు ప్లేటు మీద రాసి ఉంటుంది. 5 హెచ్‌పీ మోటారుకు సుమారు 7 నుంచి 9 ఆంపియర్ల మధ్య ఉంటుంది, కంపెనీని బట్టి మారుతుంది. సబ్‌మెర్సిబుల్ అయితే ప్లేటు బోరులోకి దిగిపోతుంది కాబట్టి దించే రోజే ఆ అంకెను పెట్టె తలుపు లోపల పెయింటుతో రాసుకోవాలి. స్టార్-డెల్టా స్టార్టర్లలో రిలే పెట్టే చోటును బట్టి ఈ లెక్క మారుతుంది, అది మెకానిక్‌కు వదిలేయండి.

ప్రివెంటర్ ఆపిందేమో

సింగిల్ ఫేజు ప్రివెంటర్, నీళ్లు అయిపోతే ఆపే పరికరం, ఆటో స్టార్టర్, ఈ మధ్య వచ్చిన మొబైల్ స్టార్టర్ ఇవన్నీ కాయిల్ దారిలోనే కూర్చుంటాయి. వీటిలో ఏది ఆపినా పచ్చ బటన్ పనిచేయదు. ప్రతిదానికీ దీపాలుంటాయి. ఏ రంగు దేనికో కంపెనీని బట్టి మారుతుంది, కొన్నప్పుడు ఇచ్చిన కాగితం దాచుకుంటే తెలుస్తుంది.

లైను పని జరిగిన మరుసటి రోజో, కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెట్టిన రోజో స్టార్టర్ పట్టడం మానేసిందంటే ముందుగా ఫేజుల వరుస తారుమారైందని అనుమానించాలి. మూడు ఫేజులూ ఉంటాయి, వోల్టేజీ బాగుంటుంది, అయినా ప్రివెంటర్ ఒప్పుకోదు. దానిలో తప్పులేదు, ఒప్పుకుంటే మోటారు వెనక్కి తిరుగుతుంది, నీళ్లు సరిగా రావు. ఎలక్ట్రీషియన్‌తో మెయిన్ దగ్గర ఏవైనా రెండు ఫేజుల తీగలు అటూ ఇటూ మార్పిస్తే చాలు. కొందరు ప్రివెంటర్‌కు వచ్చే సన్న తీగలు మాత్రం మార్చేసి పనైపోయిందనుకుంటారు. ప్రివెంటర్ ఊరుకుంటుంది గానీ మోటారు వెనక్కే తిరుగుతుంది. కొత్త కొత్త బోర్లలో 'నీళ్లు తగ్గిపోయాయి' అని ఏడ్చేవాళ్లలో కొందరిది ఈ బాపతే.

ఎండాకాలంలో బోరులో నీళ్లు తగ్గి మోటారు ఖాళీగా తిరిగితే డ్రై రన్ పరికరం ఆపేస్తుంది. అందులో పెట్టిన సమయం గడిచేదాకా మళ్లీ పట్టనివ్వదు. అరగంట ఆగి చూడండి. ఆటో, మాన్యువల్ స్విచ్ ఏ వైపు ఉందో కూడా చూడాలి. పిల్లలు తిప్పేసి ఉంటారు. మొబైల్ స్టార్టర్ అయితే సిమ్ రీచార్జి అయిపోయిందా, సిగ్నల్ ఉందా అన్నది మొదట చూడాల్సిన సంగతి. మొబైల్ స్టార్టర్ వాడేవారు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. బోరు దగ్గర ఎవరైనా పనిచేస్తుంటే ఇంట్లో ఉన్నవారు ఫోన్‌తో మోటారు వేసే ప్రమాదం ఉంది. అందుకే ఫీజులు పీకి దగ్గర పెట్టుకోమన్నది.

బటన్లు, కాయిల్

ఇక మిగిలినవి చిన్నవి. ఎర్ర బటన్ దుమ్ము పట్టి, తుప్పు పట్టి లోపలికే ఉండిపోతుంది. అది లోపల ఉన్నంతసేపూ పచ్చ బటన్ పనిచేయదు. రెండు మూడుసార్లు నొక్కి వదిలితే బయటికి వస్తుంది. స్ప్రింగు పోయి ఉంటే బటన్ సెట్టు మార్చాలి. ఎలుకలు కొరికిన సన్న తీగలు, వదులైన మరలు కంటితోనే తెలుస్తాయి.

పచ్చ బటన్ నొక్కి పట్టుకున్నంతసేపే మోటారు నడిచి, వదలగానే ఆగిపోతోందనుకోండి. కాయిల్ బాగుంది, కరెంటు బాగుంది. బటన్ వదిలాక కాయిల్‌ను పట్టి ఉంచే చిన్న పాయింటు ఒకటి ఉంటుంది, అది అరిగింది. దాని ఖర్చు పెద్దది కాదు. దాన్ని మార్పించకుండా బటన్‌కు రబ్బరు కట్టి నడిపితే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మోటారు తనంతట తానే లేస్తుంది. అప్పుడు ఎవరైనా పైపు బిగిస్తూనో, ఫుట్‌వాల్వు చూస్తూనో ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

కాయిల్ కాలితే వాసనే చెబుతుంది. నల్లబడి, పైన చుట్టిన టేపు కరిగి ఉంటుంది. కొన్నిసార్లు పైకి బాగున్నా లోపల తీగ తెగుతుంది, మీటరు పెడితే గానీ తెలియదు. కొత్త కాయిల్ కొనడానికి పాతది పట్టుకెళ్లండి. దాని మీద వోల్టేజీ రాసి ఉంటుంది. రెండు ఫేజుల మధ్య పెట్టేది 415, ఫేజుకు న్యూట్రల్‌కు మధ్య పెట్టేది 240. షాపులో ఏది ఉంటే అది ఇచ్చారని 240 కాయిల్‌ను 415కి పెడితే క్షణాల్లో పొగ వస్తుంది. 415 కాయిల్‌ను 240కి పెడితే పట్టదు, పట్టినా నిలవదు.

అయస్కాంతం ముఖాలను పొడి గుడ్డతో తుడవండి. నూనె, గ్రీజు రాయొద్దు. దుమ్ము అంటుకుని ముఖాలు అతుక్కుపోతాయి, అప్పుడు ఎర్ర బటన్ నొక్కినా మోటారు ఆగదు. మెయిన్ పాయింట్లను గరుకు కాగితంతో రుద్దే అలవాటు కూడా మంచిది కాదు. వాటి ముఖంలో వెండి ఉంటుంది, రుద్దితే అది పోతుంది. గుంటలు పడితే మూడింటినీ ఒకేసారి మార్పించడం మేలు. ఒక్కటే మార్చితే మిగతావి సరిగా తగలక మళ్లీ సింగిల్ ఫేజు బాధ మొదలవుతుంది.

పుల్ల పెడితే పోయేదేమిటి

ఇప్పుడు మొదట చెప్పిన పుల్ల సంగతికి వద్దాం. కాయిల్ పనిని పుల్ల చేస్తుంది. పాయింట్లు కలుస్తాయి, మోటారు తిరుగుతుంది. కానీ రిలే చెబితే వినడానికి అక్కడ కాయిల్ లేదు. ప్రివెంటర్ చెప్పినా వినేవారు లేరు. ఎర్ర బటన్ నొక్కినా ఆగదు. ఒక ఫేజు పోతే మోటారు మౌనంగా కాలిపోతుంది. ఆపాలంటే మూడు ఫేజులు కలిసి ఉన్న పాయింట్ల మధ్య నుంచి చేత్తో పుల్ల లాగాలి. లాగేటప్పుడు పాయింట్ల దగ్గర నిప్పు లేస్తుంది. పుల్ల తడిసి ఉంటే కరెంటు చేతికే వస్తుంది.

లెక్క కూడా చూసుకోండి. కాయిల్‌కో, పాయింటుకో అయ్యేది కొద్ది వందల రూపాయలు. బోరు మోటారు కాలితే పైపులు తీయించే కూలి, వైండింగ్, మళ్లీ దించే కూలి కలిపి వేలల్లోకి పోతుంది. అది బాగై వచ్చేదాకా తడి లేక పోయే పంట వేరే.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి మీరు వెళ్లొద్దు

లైనులోనే లోపం ఉందని తేలితే చాలా ఊళ్లలో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. లైన్‌మన్ రావడం ఆలస్యమవుతుంది. పనితనం తెలుసనుకునే ఒక కుర్రవాణ్ణి పిలుస్తారు. అతను ఏబీ స్విచ్ దించి ట్రాన్స్‌ఫార్మర్ ఫీజు వేయడానికి వెళతాడు. ఇలా వెళ్లి తిరిగి రానివాళ్ల వార్తలు ప్రతి సీజన్‌లో రాస్తూనే ఉన్నాం. ఏబీ స్విచ్ హ్యాండిల్ కిందికి దిగినంత మాత్రాన పైన మూడు బ్లేడులూ విడిపోయాయని నమ్మకం లేదు. తుప్పు పట్టి, వంగి, ఒక బ్లేడు అతుక్కునే ఉండొచ్చు. ఆ ఒక్కదానిలో 11 వేల వోల్టులు ఉంటాయి. దాన్ని తాకనక్కర్లేదు, చాలా దగ్గరికి వెళ్లినా చాలు. స్విచ్ పూర్తిగా విడిపోయినా దానికి పైనున్న తీగల్లో కరెంటు ఉంటుంది. లైన్‌మన్ అయినా సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకుని, లైనును భూమికి ఎర్తు చేసి గానీ ఎక్కకూడదు. ఆ సదుపాయం లేని రైతు ఎక్కడం ఏ లెక్కన చూసినా తగదు. ఆలస్యమైనా సరే ఆగాలి. ఒక తడి తప్పితే పైరు తట్టుకుంటుంది.

ఆలస్యం తగ్గించుకోవడానికి ఒక దారి ఉంది. లైన్‌మన్‌కు ఫోన్ చేయడంతోపాటు రెండు రాష్ట్రాల్లోనూ పనిచేసే 1912 నంబరుకు ఫిర్యాదు చేయండి. 'కరెంటు లేదు' అని ఒక్క మాట చెప్పి పెట్టేయకండి. మీ వ్యవసాయ సర్వీసు నంబరు, ఊరు, ట్రాన్స్‌ఫార్మర్ గుర్తు, ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద మీదొక్కటే ఆగిందా, అందరివీ ఆగాయా, వోల్టు మీటరులో మూడు వైపులా ఎంతెంత చూపిస్తోంది, ఇవి చెప్పండి. ఒక వైపు సున్నా, రెండు వైపులా 360 అని చెబితే వచ్చేవాళ్లకు ట్రాన్స్‌ఫార్మర్ పైనే చూడాలని ముందే అర్థమవుతుంది, కావలసిన సామాను పట్టుకుని వస్తారు. ఫిర్యాదు నంబరు ఇస్తారు, రాసుకోండి. రెండోసారి ఫోన్ చేసేటప్పుడు ఆ నంబరుతోనే అడగాలి. సర్వీసు నంబరు వెతుక్కునే పని లేకుండా రిలే అంకె రాసుకున్న చోటే, పెట్టె తలుపు లోపల, దాన్ని కూడా పెయింటుతో రాసి పెట్టుకోండి.